బ్యాటరీ ప్లస్, మైనస్ తారుమారైన కారులో లోపాన్ని వెతికే క్రమం

(విజయవాడ ఆటోనగర్‌లో యువ ఎలక్ట్రీషియన్ల కోసం చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాము. తడబాట్లను మాత్రమే తొలగించాము.)

అందరికీ నమస్కారం. ఈ రోజు మనం ఒకే ఒక్క విషయం మాట్లాడుకుందాం. కారు బ్యాటరీ మార్చేటప్పుడు గానీ, దిగిపోయిన బ్యాటరీకి పక్క బండి నుంచి కేబుళ్లు వేసేటప్పుడు గానీ ప్లస్ కేబుల్ మైనస్ మీదకు, మైనస్ కేబుల్ ప్లస్ మీదకు వెళ్లిపోతే ఆ కారులో ఏం జరుగుతుంది, ఆ తర్వాత లోపాన్ని ఏ వరుసలో వెతకాలి, ఏ పని అసలు చేయకూడదు అన్నదే ఆ విషయం. మీలో చాలామంది ఇలాంటి బండిని చూసే ఉంటారు. చూడనివారు త్వరలోనే చూస్తారు.

ముందుగా ఒక మాట చెబుతాను, దీన్ని మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంటాను. తప్పు జరిగిన ఆ ఒక్క క్షణంలో పోయేది చాలా బళ్లలో ఒకటి రెండు ఫ్యూజులే. ఆ ఫ్యూజు తన పని తాను చేసింది, కారును కాపాడింది. మిగిలిన నష్టంలో ఎక్కువ భాగం ఆ తర్వాత గంటసేపట్లో కంగారుపడి చేసే పనుల వల్ల జరుగుతుంది. కాలిపోయిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఫ్యూజు పెట్టడం, ఫ్యూజు దొరకలేదని రాగి తీగ చుట్టడం, వెలుగుతోందా లేదా అని టెర్మినల్‌ను తాకించి నిప్పురవ్వ చూడడం, ఏమీ కొలవకుండానే ‘ఈసీఎం పోయింది’, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పోయింది, అని యజమానికి చెప్పేయడం. నేను ఈ రోజు ఇక్కడికి వచ్చింది ఈ నాలుగు పనులూ మీ చేత మాన్పించడానికే.

అసలు ఈ తప్పు ఎందుకు జరుగుతుంది? అజాగ్రత్త అని ఒక్క మాటలో తేల్చేయకండి. మన చిన్న కార్లలో ఎక్కువగా వాడే బ్యాటరీల మీద 38బి20ఎల్, 38బి20ఆర్ అని రాసి ఉంటుంది. చివర ఉన్న ఆ ఎల్, ఆర్ అక్షరాలే ప్లస్ టెర్మినల్ ఏ పక్కన ఉందో చెబుతాయి. మిగతా కొలతలన్నీ ఒకటే, పెట్టెలో రెండూ ఒకేలా కూర్చుంటాయి. ఎల్ రావలసిన చోట ఆర్ తెచ్చి పెట్టారనుకోండి, కేబుళ్లు పాత అలవాటు ప్రకారం దగ్గరలో ఉన్న టెర్మినల్ దగ్గరకే వస్తాయి, చేతికి అదే సరైనదిగా తోస్తుంది. దానికి తోడు రెండు కేబుళ్లకూ నల్ల టేపే చుట్టి ఉంటే? రాత్రిపూట హైవే మీద ఫోన్ వెలుతురులో పని చేస్తూ ఉంటే? బ్యాటరీ మూత మీద ప్లస్ గుర్తు ఆమ్లం తిని చెరిగిపోయి ఉంటే?

అయినా బ్యాటరీ మనకు ఒక హెచ్చరిక ఇస్తుంది. టెర్మినల్‌గా పైకి పొడుచుకొచ్చే సీసపు ముక్కను పోస్టు అంటాం. ప్లస్ పోస్టు ఎప్పుడూ మైనస్ పోస్టు కంటే లావుగా ఉంటుంది. పెద్ద పోస్టుల బ్యాటరీల్లో ప్లస్ వ్యాసం 19.5 మిల్లీమీటర్లు, మైనస్ 17.9. చిన్న కార్లలో వచ్చే సన్న పోస్టుల్లో 14.7, 13. తేడా చిన్నదే, కానీ కేబుల్ చివర పోస్టును పట్టుకునే క్లాంపు ఆ తేడాను గుర్తుపడుతుంది. మైనస్ క్లాంపు ప్లస్ పోస్టు మీద సులువుగా దిగదు. దిగకపోతే మనం ఏం చేస్తాం? స్క్రూడ్రైవర్‌తో క్లాంపును విప్పదీసి, స్పానర్ వెనక భాగంతో రెండు దెబ్బలు వేస్తాం. దయచేసి అక్కడ ఆగండి. క్లాంపు సులువుగా దిగలేదంటే సుత్తి కోసం కాదు, మల్టీమీటర్ కోసం చేయి చాచాలి.

మల్టీమీటర్ అని ఎందుకంటున్నానంటే, గుర్తును కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. పూర్తిగా అడుగంటిన బ్యాటరీకి చార్జర్‌ను తిప్పి పెడితే అది తిరగబడే చార్జ్ అవుతుంది. మూత మీద ప్లస్ అని ఉన్నచోట నిజానికి మైనస్ ఉంటుంది. అరుదు, కానీ జరుగుతుంది. అందుకని కొత్త బ్యాటరీ అయినా సరే, బిగించే ముందు మీటరు ఎర్ర ప్రోబు ప్లస్ మీద, నల్ల ప్రోబు మైనస్ మీద పెట్టి చూడండి. 12.6 దగ్గర చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే ఆ బ్యాటరీని వెనక్కి పంపించండి.

ఇప్పుడు కేబుళ్లు తారుమారైన క్షణంలో కరెంటు ఏ దారిన పోతుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతా ప్రసంగం మీరే చెప్పగలరు. బ్యాటరీకి ఎప్పుడూ నేరుగా కలిసి ఉండే పెద్ద వస్తువు ఏది? సెల్ఫ్ మోటార్ అంటారు కొందరు. దానికి లావు కేబుల్ వెళుతుంది, నిజమే, కానీ కీ తిప్పినప్పుడు పనిచేసే సొలినాయిడ్ అనే స్విచ్చు మూసుకునే దాకా అందులోకి కరెంటు పోదు. నేరుగా, ఏ స్విచ్చూ లేకుండా కలిసి ఉండేది ఆల్టర్నేటర్, అంటే ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం. ఆల్టర్నేటర్ లోపల మూడు ఫేజుల కరెంటు పుడుతుంది. దాన్ని డీసీగా మార్చడానికి కనీసం ఆరు డయోడ్లు ఉంటాయి. డయోడు అంటే మన బోరు పైపులో ఉండే నాన్ రిటర్న్ వాల్వు లాంటిది, కరెంటును ఒకవైపే పోనిస్తుంది. బ్యాటరీ సరిగా ఉన్నప్పుడు ఈ డయోడ్లు బ్యాటరీ కరెంటును వెనక్కి రానివ్వకుండా అడ్డుపడి నిలుస్తాయి. బ్యాటరీని తిప్పి పెడితే, అడ్డుపడవలసిన ఆరూ ఒక్కసారిగా తలుపులు తెరుస్తాయి. మైనస్ కేబుల్ కలిసి ఉండే బాడీ నుంచి ఒక డయోడు, ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టే స్టేటర్ తీగ, ఇంకో డయోడు, అక్కడి నుంచి ఆల్టర్నేటర్ వెనక ప్లస్ తీగ బిగించే బీ ప్లస్ బోల్టు, అక్కడి నుంచి మళ్లీ బ్యాటరీ. మధ్యలో అడ్డం లేదు. వందల ఆంపియర్లు పోతాయి. మీరు చూసే ఆ పెద్ద నిప్పురవ్వ అదే.

అక్కడ రెండింటిలో ఒకటి జరుగుతుంది. మెయిన్ ఫ్యూజు ముందు తెగితే డయోడ్లు బతుకుతాయి. డయోడ్లు ముందు కాలితే ఆల్టర్నేటర్ పోతుంది. మెయిన్ ఫ్యూజు అంటే బానెట్ కింద ఫ్యూజు బాక్సులో బోల్టులతో బిగించి ఉండేది, చాలా చిన్న కార్లలో 80 నుంచి 120 ఆంపియర్ల మధ్య ఉంటుంది. ఎంతసేపు కలిసి ఉంది అన్నదే ఇక్కడ ముఖ్యం. క్లాంపు తాకి, నిప్పురవ్వ చూసి వెంటనే చేయి తీసిన బండి వేరు, బోల్టు బిగించి, కీ తిప్పి, ‘ఏమీ వెలగడం లేదే’ అని పది నిమిషాలు ఆలోచించిన బండి వేరు.

ఇంకో సంగతి గమనించండి, ఇది చాలామందికి తట్టదు. ఆ డయోడ్లు కరెంటును తామే మింగుతున్నంతసేపూ మిగతా కారు మీద పడే తిరగబడిన వోల్టేజీ బాగా తగ్గిపోతుంది. పూర్తి 12 వోల్టులు పడవు. వాహనాల ఎలక్ట్రానిక్స్ పరీక్షలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 16750 రెండో భాగంలో ఈ తప్పు కోసమే ఒక పరీక్ష ఉంది. బ్యాటరీని తిప్పి పెట్టినప్పుడు ఆ పరికరం 60 సెకన్లు తట్టుకోవాలి. ఆల్టర్నేటర్ డయోడ్లు వోల్టేజీని దించి ఉంచే వ్యవస్థకు 4 వోల్టులతోనూ, అలా దించని వ్యవస్థకు 14 వోల్టులతోనూ పరీక్షిస్తారు. దీని అర్థం ఏమిటి? ఈ తప్పు జరుగుతుందని తయారుచేసేవారికి ముందే తెలుసు. తెలిసే రక్షణ పెట్టారు. కాబట్టి నిప్పురవ్వ రాగానే ఈసీఎం పోయిందని తీర్పు ఇవ్వడానికి ఆధారం లేదు.

ఆ రక్షణ ఎలా ఉంటుంది? రెండు మూడు పద్ధతులు ఉన్నాయి. చాలా కార్లలో ఈసీఎంకు పెద్ద కరెంటు మెయిన్ రిలే ద్వారా వెళుతుంది. రిలే అంటే తన కాయిల్‌లో చిన్న కరెంటు పోతే పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్చు. ఆ రిలే కాయిల్ దారిలో ఒక డయోడు ఉంటే, కరెంటు తిరగబడినప్పుడు కాయిల్ పనిచేయదు, రిలే మూసుకోదు, ఈసీఎంకు ఆ దారిన తిరగబడిన కరెంటు చేరనే చేరదు. ఇంకొన్ని పరికరాల్లో, ముఖ్యంగా స్టీరియోల్లో, ఆంప్లిఫయర్లలో, లోపలికి వచ్చే ప్లస్‌కూ ఎర్త్‌కూ మధ్య అడ్డంగా ఒక డయోడు వేస్తారు. కరెంటు తిరగబడితే ఆ డయోడు షార్ట్ అయి ముందున్న ఫ్యూజును తెంపేస్తుంది. తను బలై మిగతాదాన్ని బతికిస్తుంది. ఈ రెండో రకాన్ని గట్టిగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మీ దగ్గరకు వచ్చే చిక్కు కేసులు ఇక్కడివే. ఆ డయోడు షార్ట్‌గానే ఉండిపోయిందనుకోండి, బ్యాటరీని సరిగా కలిపాక కూడా కొత్త ఫ్యూజు పెట్టగానే పోతుంది. మళ్లీ పెడితే మళ్లీ పోతుంది. అప్పుడు కుర్రవాడు ఏమనుకుంటాడు? 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు ఆగడం లేదు, 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు పెడదాం అనుకుంటాడు. ఆ ఫ్యూజు వెనక ఉన్న తీగ 15 ఆంపియర్లకు తగ్గట్టు వేసినది. ఇప్పుడు ఫ్యూజు ఆగుతుంది, తీగ కాలుతుంది. డ్యాష్‌బోర్డు వెనక కట్టలో ఒక్క తీగ కాలితే దాన్ని ఆనుకున్న తీగల తొడుగులు కూడా కరుగుతాయి. అంతకు ముందు స్టీరియో విప్పి ఒక చిన్న డయోడు మార్చితే సరిపోయేది. అంతకు తర్వాత వైరింగ్ మొత్తం మార్చాలి.

వెనక కూర్చున్నవారికి వినబడుతోందా? సరే.

అయితే మన పెద్దవాళ్లలో చాలామంది టెర్మినల్‌ను తాకించి నిప్పురవ్వ చూసే పద్ధతిలో ఎందుకు పని నేర్చుకున్నారు? వారి రోజుల్లో అది చెల్లింది కాబట్టి. పాత బళ్లలో ఆల్టర్నేటర్ కాదు, డైనమో ఉండేది, అందులో సిలికాన్ డయోడ్లు లేవు. 1960ల వరకూ చాలా బ్రిటిష్ కార్లకు బాడీకి కలిపింది ప్లస్సే, మైనస్ కాదు. ఆ బండిలో ఎలక్ట్రానిక్ పెట్టె అన్నదే లేదు. బల్బుకు ఏ వైపు నుంచి కరెంటు వచ్చినా ఒకటే. వారి చేతి పనిని నేను తక్కువ చేయడం లేదు, ఆ చేతుల దగ్గరే మనమంతా నేర్చుకున్నాం. కానీ బండి మారింది. తాకించి తీసిన ప్రతిసారీ వోల్టేజీ ఎగిసిపడుతుంది, ఆ దెబ్బ ఇప్పుడు కంప్యూటర్ల మీద పడుతుంది. కాబట్టి ఆ అలవాటును వదిలేయాలి.

ఇక వెతికే క్రమానికి వద్దాం. బండి మీ ముందు ఉంది. మొదట కీ తీసేయండి, బ్యాటరీ కేబుళ్లు రెండూ విప్పి, పోస్టులకు తగలకుండా పక్కన పెట్టండి. ఆ తర్వాత ఏమీ ముట్టుకోకుండా యజమానిని అడగండి. ఎంతసేపు కలిసి ఉంది? కీ ఆన్ చేశారా? సెల్ఫ్ కొట్టారా? పొగ గానీ కాలిన వాసన గానీ ఏ వైపు నుంచి వచ్చింది? మీకు ముందు ఎవరైనా ఫ్యూజులు మార్చారా? ఈ జవాబులను కాగితం మీద రాయండి. రాయమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, తర్వాత ఎవరి తప్పు, ఎవరు డబ్బు కట్టాలి అన్న మాట వస్తుంది. మామూలు కారు ప్యాకేజీ పాలసీలో ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపుల్లో ఉంటుంది కాబట్టి బీమా మీద ఆశ పెట్టుకోవడానికి వీలు తక్కువ. వచ్చినప్పుడు బండి ఏ స్థితిలో ఉందో రాసి ఉంటే యజమానికీ మంచిది, మీకూ మంచిది.

తర్వాత బ్యాటరీ. ఉబ్బిందా, పగిలిందా, వేడిగా ఉందా, ఆమ్లం వాసన వస్తోందా చూడండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకండి. బాగుంటే ఇందాక చెప్పినట్టు వోల్టేజీ కొలవండి.

ఆ తర్వాత ఫ్యూజులు. ఫ్యూజు బాక్సులు సాధారణంగా కనీసం రెండు ఉంటాయి, ఒకటి బానెట్ కింద, ఒకటి డ్యాష్‌బోర్డు కింద. కొన్ని బళ్లలో బ్యాటరీ ప్లస్ క్లాంపు మీదే మరో ఫ్యూజుల గుత్తి ఉంటుంది, అది చాలామంది కంటికి కనబడదు. ఫ్యూజును పైకెత్తి వెలుతురులో చూసి బాగుంది అనడం చాలదు. బోల్టు ఫ్యూజుల్లో లోపల సన్నగా చీలి, పైకి చక్కగా కనిపించేవి ఉంటాయి. బ్యాటరీ విప్పి ఉన్నప్పుడు మీటరును కంటిన్యుటీలో, అంటే తీగ తెగిందా లేదా చూసే చోట, పెట్టి, ఫ్యూజును దాని చోటు నుంచి తీసి, ఒక్కొక్కటీ పరీక్షించండి. పోయిన ప్రతి ఫ్యూజు ఏ సర్క్యూట్‌దో మూత మీద ఉన్న బొమ్మ చూసి రాసుకోండి. ఈ జాబితాయే మీ దారి. ఏ ఫ్యూజు పోయిందో ఆ వైపే తిరగబడిన కరెంటు వెళ్లింది.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. అదే ఆంపియర్లది. మెయిన్ ఫ్యూజు అదే రకం దొరక్కపోతే బండి ఆ రోజు ఆగుతుంది, అంతే.

ఇప్పుడు బ్యాటరీని నేరుగా కలిపేయాలా? వద్దు. ఇక్కడ నేను చెప్పే చిన్న పని మీకు జీవితమంతా పనికొస్తుంది. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు ఒకటి తీసుకుని దానికి రెండు తీగలు అతికించండి. తలుపులన్నీ మూసి, లైట్లన్నీ ఆర్పి, ప్లస్ కేబుల్‌ను మామూలుగా బిగించండి. మైనస్ క్లాంపును పోస్టు మీద పెట్టకుండా, క్లాంపుకూ పోస్టుకూ మధ్య ఈ బల్బును కలపండి. బల్బు ఏం చేస్తుంది? ఎంత పెద్ద షార్ట్ ఉన్నా రెండు ఆంపియర్ల లోపే పోనిస్తుంది. కారులో ఇక దేనికీ కొత్త దెబ్బ తగలదు. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా ఆరిపోతే మంచి సూచన, లోపలి కెపాసిటర్లు నిండి, కంప్యూటర్లు నిద్రలోకి వెళుతున్నాయి. బల్బు పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. అప్పుడు పెద్ద ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయండి. ఏది తీయగానే బల్బు ఆరిందో ఆ దారిలోనే లోపం. అసలు వెలగకపోతే సంతోషించకండి, మెయిన్ ఫ్యూజు తెగి ఉండవచ్చు, మళ్లీ చూడండి.

ఈ పరీక్షలో మొదట దొరికేది సాధారణంగా ఆల్టర్నేటరే. దాని వెనక ఉన్న బీ ప్లస్ తీగను, మళ్లీ బ్యాటరీ విప్పిన తర్వాతే, విడదీసి మీటరును డయోడు గుర్తు మీద పెట్టండి. ఎర్ర ప్రోబు ఆల్టర్నేటర్ బాడీకి, నల్లది బీ ప్లస్ బోల్టుకు పెడితే ఒక వోల్టు లోపు ఏదో ఒక అంకె చూపాలి. ప్రోబులు మార్చి పెడితే అంకె కాసేపు పెరిగి చివరకు ఏమీ చూపకుండా ఆగాలి, ఆ పెరగడం లోపల ఉన్న కెపాసిటర్ వల్ల. రెండు వైపులా సున్నా దగ్గరే చూపితే డయోడ్లు షార్ట్ అయ్యాయి. అప్పుడు ఆల్టర్నేటర్ మొత్తం మార్చవలసిన అవసరం ప్రతిసారీ ఉండదు, చాలా రకాలకు ఈ డయోడ్లు ఉండే రెక్టిఫైయర్ ప్లేటు విడిగా దొరుకుతుంది. యజమానికి ఆ మాట చెప్పడం మన బాధ్యత. బెల్టుతో ఇంజన్‌ను తిప్పడానికి కూడా ఉపయోగపడే స్మార్ట్ హైబ్రిడ్ యంత్రాల జోలికి మాత్రం కంపెనీ సూచనలు చదవకుండా వెళ్లకండి.

అయితే ఒక్క డయోడే పోతే? ఈ పరీక్షలో అది కనబడకపోవచ్చు. బండి నడుస్తుంది, బ్యాటరీ దీపం కూడా ఆరవచ్చు, కానీ చార్జింగ్ తగ్గుతుంది, స్టీరియోలో ఇంజన్ వేగంతో పాటు పెరిగే కూత వస్తుంది. దానికి నడిచే ఇంజన్ మీదే పరీక్ష. హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ మీద డీసీ వోల్టేజీ చూడండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త బళ్లు ఇంధనం ఆదా కోసం తామే చార్జింగ్ తగ్గిస్తాయి కాబట్టి హెడ్‌లైట్లు వేయమన్నాను. తర్వాత మీటరును ఏసీకి మార్చండి. ఆరోగ్యంగా ఉన్న ఆల్టర్నేటర్ దగ్గర ఆ అంకె ఒక వోల్టులో పదో వంతు దాటకూడదు. అర వోల్టు చూపితే డయోడును అనుమానించాలి. చవక మీటర్లు కొన్ని ఏసీలో పెట్టినా డీసీని కలిపేసి 30 వోల్టుల లాంటి అర్థం లేని అంకె చూపుతాయి. అది చూసి భయపడవద్దు, ఆ మీటరు ఈ పనికి రాదు.

బల్బు పరీక్ష దాటింది, బ్యాటరీ బిగించాం. కీ ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టవద్దు. డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజన్ దీపం వెలిగిందా? పెట్రోలు బండి అయితే పంపు రెండు క్షణాలు మోగిందా? రెండూ ఉంటే ఈసీఎం బతికే ఉందని దాదాపు నిశ్చయం. దీపం వెలగలేదా? అప్పుడు కూడా ఈసీఎం పోయిందని అనకండి. ఈసీఎం కనెక్టర్ దగ్గర కరెంటు వస్తోందా, ఎర్త్ వస్తోందా కొలిచారా? మెయిన్ రిలే టిక్కుమందా? వైరింగ్ బొమ్మ చూశారా? వచ్చే ప్రతి ప్లస్సూ, ప్రతి ఎర్తూ సరిగా ఉండి, అప్పటికీ అది మాట్లాడకపోతేనే పెట్టె మీద అనుమానం. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈసీఎం అన్న ఒక్క మాట యజమానికి వేల రూపాయలు. కొత్తది పెట్టినా, వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్‌కు తాళాలు మళ్లీ కోడింగ్ చేయించాలి. కొన్ని వందల రూపాయల ఫ్యూజు దగ్గర ఆగిన లోపానికి ఒక కుటుంబం చేత అంత ఖర్చు పెట్టించడం అన్యాయం. అది తెలియక జరిగినా అన్యాయమే.

తర్వాత స్కానర్, అంటే కారు కంప్యూటర్లు రాసుకున్న లోపాల కోడ్లను చదివే పరికరం. దాన్ని గుచ్చే ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ ప్లస్ రావాలి, 4, 5 ఎర్తులు. స్కానర్ వెలగకపోతే ముందు ఈ పిన్నులను చూడండి. చాలా బళ్లలో ఆ ప్లస్ వేరే సర్క్యూట్‌తో కలిసి ఒకే ఫ్యూజు నుంచి వస్తుంది, ఆ ఫ్యూజు పోతే స్కానర్ చనిపోయినట్టు కనిపిస్తుంది. స్కానర్ వెలిగినా కంప్యూటర్లు పలకకపోతే, బ్యాటరీ విప్పి 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. 60 ఓములు దగ్గర ఉంటే ఆ రెండు క్యాన్ తీగలు, అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు, బాగున్నట్టు. 120 చూపితే ఒక చివర తెగింది. సున్నా దగ్గర ఉంటే షార్ట్. కోడ్లు కుప్పగా వస్తాయి, కంగారుపడకండి. వోల్టేజీ పడిపోయినప్పుడు, ఒక పెట్టె ఇంకో పెట్టెను పిలిచి పలకనప్పుడు రాసుకున్నవి వాటిలో చాలా ఉంటాయి. అన్నీ రాసుకుని, చెరిపి, బండిని నడిపి, మళ్లీ చూడండి. తిరిగి వచ్చినవే నిజమైన కోడ్లు. పవర్ స్టీరింగ్, ఏబీఎస్ కోడ్లు తిరిగి వస్తే వాటి పెద్ద ఫ్యూజులను మరోసారి చూడండి. ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకపోతే మాత్రం పసుపు కనెక్టర్లలో టెస్ట్ ల్యాంప్ గానీ మీటరు గానీ పెట్టవద్దు. ఆ కాస్త కరెంటుకు కూడా బ్యాగు పేలే ప్రమాదం ఉంది.

పవర్ విండో ఒక్క నొక్కుకు పైకి రాకపోవడం, ఐడిల్ కొద్దిగా ఊగడం, గడియారం సున్నాకు రావడం, స్టీరియో కోడ్ అడగడం, ఇవి లోపాలు కావు. బ్యాటరీ విప్పితే చాలా బళ్లు ఇలాగే చేస్తాయి. పుస్తకంలో చెప్పినట్టు మళ్లీ నేర్పిస్తే సరిపోతుంది.

ఇక అన్నిటికంటే కష్టమైనది, బండి అంతా బాగుందని తీసుకెళ్లిన యజమాని మూడో రోజు ఫోన్ చేసి ‘పొద్దున బ్యాటరీ దిగిపోయింది’ అనడం. దీని మూలం పూర్తిగా షార్ట్ కాకుండా సగం చెడిన డయోడు గానీ, నిద్రపోవలసిన వేళ మెలకువగా ఉంటున్న స్టీరియో, సెంట్రల్ లాక్ పెట్టె గానీ అయి ఉంటుంది. తాళం వేసి నిలిపిన కారు 50 మిల్లీఆంపియర్ల లోపు లాగితే మామూలే. అర ఆంపియరు లాగుతోందనుకోండి, రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల లోపే ఖాళీ. దీన్ని కొలవాలంటే ఓపిక కావాలి. బానెట్ తెరిచి, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసి, కారుకు తాళం వేసి, కనీసం అరగంట వదిలేయండి. అప్పుడు ఫ్యూజులను పీకకండి, పీకితే నిద్రపోయిన పెట్టెలు మళ్లీ లేస్తాయి. ప్రతి ఫ్యూజు నెత్తిన రెండు లోహపు చుక్కలు ఉంటాయి కదా, వాటి మధ్య మిల్లీవోల్టులు కొలవండి. కరెంటు పోని ఫ్యూజు మీద సున్నా ఉంటుంది. అంకె కనబడిన ఫ్యూజు దారినే వెళ్లండి. ఇంకా సులువైన పరీక్ష ఒకటి ఉంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే ఆల్టర్నేటర్‌ను చేత్తో తాకండి. చల్లగా ఉండవలసినది గోరువెచ్చగా ఉంటే మీరు వెతికేది అక్కడే ఉంది.

జంపర్ కేబుళ్ల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. అక్కడ తారుమారైతే రెండు బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటిగా కలిసి తమ మీద తామే షార్ట్ అవుతాయి. కేబుళ్లు కరుగుతాయి, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటే బ్యాటరీ పేలుతుంది. సాయం చేయడానికి వచ్చిన బండి కూడా దెబ్బతింటుంది, కాబట్టి రెండు బళ్లనూ పరీక్షించాలి. క్రమం ఇది: ఎర్ర కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో చివర దిగిపోయిన బండి ఇంజన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. మామూలుగా బ్యాటరీ మార్చేటప్పుడు విప్పడం మైనస్‌తో మొదలు, బిగించడం ప్లస్‌తో మొదలు. అలా చేస్తే ప్లస్ బోల్టు మీద ఉన్న స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా ఏమీ కాదు.

బయట ఒక కారు నిలబెట్టి ఉంచాము. దాని మైనస్ విప్పి ఉంది, రెండు ఫ్యూజులు కావాలనే తీసి పెట్టాము, ఏవో చెప్పను. బల్బు, మీటరు, కాగితం టేబుల్ మీద ఉన్నాయి. నలుగురు నలుగురుగా రండి. మొదట వచ్చేవారు బ్యాటరీ వోల్టేజీ కొలిచి కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే స్పానర్ చేతిలోకి తీసుకోవాలి.